మూడో గడి

జహ్రా చెరువుల దగ్గర ఇంకా పూర్తిగా తెల్లారలేదు.
ఏసీ ఆపి అద్దాలు దించితే
రెల్లు మురిగిన వాసన, దాని వెనకే హైవే డీజిలు.
వెనకసీట్లోంచి అబ్లా షరీఫా అడుగుతుంది
"యూసుఫ్, ఏం దిగాయి?"

(నా పేరు ఏసేబు.
పదకొండేళ్లుగా ఆమె నోట్లో యూసుఫ్.
నేనూ దిద్దలేదు.)

ముప్ఫై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పిన మనిషి.
ఇప్పుడు చూపు నడిమధ్యన మచ్చ పడింది.
పక్కలు కనిపిస్తాయి,
చూస్తున్నదే కనిపించదు.
అందుకని టెలిస్కోపు నాది, పుస్తకం ఆమెది.

రెండు పరజలు, అబ్లా. ఆడవి.
"హదఫ్ సైఫీయా, షత్వీయా?"
ఎండాకాలపు పరజా, చలికాలపు పరజా అని.
మా కొల్లేటికి రెండూ చలికాలమే వచ్చేవి.
రెండిటికీ ఒకటే పేరు, ఒకటే ధర,
మెడలు కలిపి కట్టిన జత.

మా నాన్న ముత్యాలు
వాటిని చూసి పోల్చింది తక్కువ.
అమావాస్య వల ఆయనది.
చీకట్లో ముక్కు మీద బొటనవేలు ఆనించి
గోరు దాటి మిగిలితే ఈ బుట్టలో,
మిగలకపోతే ఆ బుట్టలో.
ధర ఒకటేగా నాన్నా, ఎందుకీ యాతన అంటే
"ఒకటి కానిదాన్ని ఒకటనకూడదురా" అనేవాడు.
అని,
రెండిటి మెడలూ ఒక్కలాగే విరిచేవాడు.

ఇక్కడ బొటనవేలు అందదు.
మధ్యన నూటయాభై గజాల నీళ్లు.
మొహం చూడమంటుంది అబ్లా.
సైఫీకి కంటి మీద తెల్లగీత,
కంట్లోంచి నల్లగీత,
చెంప మీద ఇంకో మసకగీత,
ముక్కు మొదట్లో సున్నం చుక్క.
కాటుక చెరిగిన మొహం.
షత్వీది నిద్రలేచి కడుక్కున్న మొహం,
గీతలేవీ అంతగా నిలబడవు.
కానీ తోక పక్కన చూడు,
పరికిణీ అంచులా సన్నటి మీగడరంగు.
లేస్తే రెక్కలో ఆకుపచ్చ మెరుస్తుంది.
లేవాలి కదా.

ఎడమదానికి చుక్క ఉంది. సైఫీ.
పెద్దక్షరాలతో, వంకరగా, కుడినించి ఎడమకి రాసుకుంది.
"ఇది ఉండదు. రెండ్రోజులు మేసి తూర్పుకి పోతుంది."
తూర్పంటే ఎందాకా అని అడగలేదు.
మా లంకలో వలలు ఇప్పుడు నిషేధం.
నాన్న పోయి ఆరేళ్లు.
వెళ్లినా ఆ ముక్కు కొలిచేవాళ్లు లేరు.

రెండోది నిద్రపోతోంది.
ముక్కు వీపులో దోపుకుంది, మొహం లేదు.
తోక రెల్లు నీడలో ఉంది.
చూస్తుండగానే ఎండెక్కింది.
సెప్టెంబరు ఆవిరికి గాలి వణికి
ఒక్క పిట్ట మూడు పిట్టలై, మళ్లీ ఒక్కటై,
నీళ్లలో ఉప్పుగల్లులా కరగడం మొదలెట్టింది.

హారన్ కొడతాను, లేస్తుంది, అన్నాను.
వద్దంది.
పోనీ, పక్కనున్నది సైఫీయేగా,
దీన్నీ అదే రాసేద్దాం, అన్నాను.

నవ్వింది అబ్లా.
"నువ్వూ ఆ తోటమాలి షంసులూ గుమ్మంలో నిలబడితే
నా కోడలు ఇద్దర్నీ ఒక్క పేరుతోనే పిలుస్తుంది.
నా తర్వాత ఈ పుస్తకం
దానికి మాత్రం ఇవ్వను."

పుస్తకంలో మూడో గడి ఉంది.
దాని మీద రాసిన మాట ఒక్కటే
అరబ్బీలో నాకు చదవడం వచ్చు:
తెలియలేదు.
దాన్నిండా గీతలే.
కళ్లు మసకబారాక గీసినవనుకున్నాను.
ఒకసారి, ఆమె దుకాణంలో ఉండగా, వెనక్కి తిప్పి చూశాను.
కళ్లు నిక్షేపంగా ఉన్న సంవత్సరాల్లోనూ
ఆ గడే నిండుగా ఉంది.

ఇవాళ ఇంకో గీత గీసింది.
గీత మీద గీత పడిందని చెప్పబోయి ఊరుకున్నాను.

కారు తిప్పుతుంటే అద్దంలో
ఏదో ఆకుపచ్చగా తళుక్కుమంది.
రెక్కో, రెల్లో.
అబ్లా అప్పటికే పుస్తకం మూసేసింది.