అడ్డంగా పడుకున్న ఇసుక

పగలంతా ట్రామ్ నడుపుతుంది హల్ష్కా,
వూచ్ నగరంలో, మూతపడ్డ మిల్లుల మధ్య.
గురువారం రాత్రి మాత్రం
మా నలుగురినీ ఎక్కించుకుని
పట్టాల్లేని చోటికి తీసుకెళ్తుంది.

వంటింటి బల్ల. కుంటికాలి కింద మడతపెట్టిన పాత టికెట్లు.
రేడియేటర్ మీద ఆరుతున్న చేతి తొడుగులు.
ఫోన్లన్నీ రొట్టెల డబ్బాలో.
ఎవరిదో లోపల గురగురమంటుంది, ఆకలేసిన పిల్లిలా.
ఎవరూ లేవరు.

పోయిన వారం ఎక్కడ ఆగామని ఆమె అడగదు.
"తలుపు తెరుచుకుంది. లోపల తడి ఉన్ని వాసన.
లుద్విక్, నీ దివిటీ ఆరిపోతోంది. ఏం చేస్తావ్?"
అంతే.
కోటు ఒక చెయ్యి విప్పేలోపే
లుద్విక్ గుహలో ఉన్నాడు.

జేబులో ఒక చీటీ,
ముందే రాసిపెట్టుకున్న ముప్ఫై పేర్లు.
సత్రం వాడి పేరేంటన్నా, వాడి గాడిద పేరేంటన్నా
తడుముకోదు.
వాడేసిన పేరుకి పెన్సిలుతో చిల్లు పెడుతుంది.

నిబంధనల పుస్తకం ఆమె టీ కప్పుకి పీట.
తాడు మీద వేలాడేవాడు బాణం వేయగలడా లేడా అని
కొర్నేలియాకీ గ్నెవోమిర్‌కీ రాజుకుంటే
"ఇవాళ్టికి వేయగలడు. రేపు పుస్తకం చూద్దాం."
రేపు ఎవరూ చూడరు.
ఒకసారి ఆ టీ ఒలికి పటం మీదికి పాకింది.
మేం గుడ్డ కోసం వెతుకుతుంటే
వేలితో అంచు గీసింది: "ఇది చెరువు. లోతు ఎవరికీ తెలీదు."
దాటడానికి మూడు వారాలు పట్టింది.
గ్నెవోమిర్ డాలు ఇంకా అందులోనే ఉంది.

పాచిక పారకపోయినా కథ పారాలి.
తాళం ఊడి రాలేదు, సరే,
కానీ తలుపుకి అవతల ఎవరో దగ్గారు.

ఇక గడియారం.
వాళ్ళమ్మ గుడ్లు ఉడకబెట్టడానికి వాడిన మూడు నిమిషాల ఇసుక.
అది అయిపోయేలోగా తేల్చుకోకపోతే
నీ వీరుడు నోరు తెరుచుకుని నిలబడ్డట్టే లెక్క.
స్టాపులో ఎంతసేపని ఆపుతాం బండిని, అంటుంది.

నవంబరులో తిమోన్ వచ్చాడు, కొర్నేలియా తమ్ముడు.
అతనికి మాట నాలుక దాకా వచ్చి
గడప దగ్గర బూట్లు విప్పుకుంటూ
అక్కడే ఉండిపోతుంది.

వంతెన కింది రాక్షసి అడిగింది:
"నిన్నెందుకు పోనివ్వాలి?"
హల్ష్కా అలవాటుగా గడియారం తిప్పింది.
"న... న..."
ఇసుక జారుతోంది.
అక్క పెదవులు అప్పటికే ఆ మాటని పట్టుకున్నాయి,
అందించబోయాయి.
నేను పాచికని అరచేతిలో నలుపుతున్నాను.
వేసెయ్, అంకె నీ బదులు మాట్లాడుతుంది,
అందామనుకున్నాను. నా మంచితనం ఆపాటిది.

హల్ష్కా చెయ్యి చాచి
గడియారాన్ని పక్కకి పడుకోబెట్టింది.
ఇసుక రెండు గదుల్లోనూ నిద్రపోయింది.
"రాక్షసికి తొందర లేదు. దానికి నాలుగొందల ఏళ్ళు," అంది.
ఆ గొంతుతోనే
"ఊ" కొట్టింది.

ఎంతసేపో తెలీదు.
కింద వీధిలో ఒక ట్రామ్ వెళ్ళింది,
గ్లాసులు సన్నగా మోగాయి.

"నా... దగ్గర నీ పేరు ఉంది," అన్నాడు తిమోన్.
"ని... నిన్నెవరూ పిలిచి ఉండరు. నేను పిలుస్తా."

ఆమె చెయ్యి చీటీ కోసం జేబులోకి వెళ్ళి
ఖాళీగా బయటికొచ్చింది.
"ఏం పేరు?"
అడిగింది రాక్షసో, తనో.

పాచిక వేయమని ఎవరూ అనలేదు.

పదకొండుంబావు. చివరి బండి నడిపేవాడు తనలాంటివాడే,
ఎవరి కోసమూ ఆగడు.
వంతెన సగంలో వదిలేసింది మమ్మల్ని.
కథ కంచికి చేరలేదు, మేం మాత్రం ఇళ్ళకి.
మెట్లు దిగుతూ తిమోన్
ఆ పేరు పైకి అనుకుంటున్నాడు,
ఒక్కో మెట్టుకి ఒక్కో అక్షరం,
ఒక మెట్టు మీద రెండుసార్లు.