మూడో కిటికీ

వెస్కాట్ కౌంటీ కోర్టులో మూడో కిటికీ నాది.
పెళ్లి లైసెన్సులు ఒకటో కిటికీ, భూమి పన్నులు రెండోది,
రోడ్డు మీద దొరికిపోయినవాళ్లంతా నా దగ్గరికి.
చలికాలంలో తలుపు తెరిస్తే చాలు,
నెబ్రాస్కా గాలికి ఫారాలు లేచి నించుంటాయి,
జడ్జిగారొచ్చారనుకుని.

ఆ మంగళవారం థర్లో గాంట్జ్ వచ్చాడు.
డెబ్బై ఎనిమిదేళ్లు, చెవులు కప్పే టోపీ,
బూట్లకి మొక్కజొన్న పొట్టు.
"పాత టికెట్ ఒకటి కావాలమ్మా" అన్నాడు,
బస్సులో మర్చిపోయిన గొడుగు అడిగినట్టు.
టికెట్ చెరిపెయ్యమని వచ్చేవాళ్లని రోజూ చూస్తాను.
ఉందని చూపించమని వచ్చినవాణ్ణి ఇతన్నే చూశాను.

మనవడు నమ్మడం లేదట.
అరవై ఎనిమిది ఆగస్టులో, తొమ్మిదో నంబరు రోడ్డు మీద
వాళ్ల నాన్న పికప్‌ని
గంటకి నూట నాలుగు మైళ్లు ఉరికించాడట.
పక్కన అయోనీ. అప్పటికింకా పెళ్లి కాలేదు.
"కిటికీలోంచి స్కార్ఫ్ ఎగిరిపోయింది, ఇప్పటికీ దొరకలేదు"
అని చేత్తో చూపించాడు.
స్కార్ఫ్ నా ప్రింటర్ మీదుగా వెళ్లింది.

పేరు కొట్టాను. ఏమీ లేదు.
టి తీసేసి కొట్టాను, జడ్ బదులు ఎస్ పెట్టాను,
పుట్టినతేదీతో వెతికాను.
తొంభై మూడుకి ముందు మా కంప్యూటర్‌కి ఏదీ గుర్తులేదు.
పుట్టకముందు సంగతులు ఎవరికి మాత్రం గుర్తుంటాయి?

ఇక నేలమాళిగే.
బాయిలర్ పక్కన అట్టపెట్టెలు,
ఎలుకలు సగం చదివి వదిలేసిన కట్టలు.
రబ్బరుబ్యాండు తాకగానే పొడైపోయింది.
చర్చి ముందు హారన్ కొట్టినవాడొకడు,
బాతులకి దారివ్వనివాడొకడు,
లైటు లేని ట్రాక్టరు, మూడు డాలర్లు.
ఊరంతా ఎప్పుడో ఒకప్పుడు తొందరపడింది.

దొరికాడు గాంట్జ్.
ఆగస్టు పదిహేడు, సాయంత్రం ఏడూ ఇరవై, వంతెన దగ్గర.
ఉండాల్సిన వేగం ముప్పై అయిదు.
నడిపిన వేగం నలభై ఒకటి.

మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగాను.
నాలుగు తొమ్మిదేమోనని బల్బు కింద పెట్టి చూశాను.
కాదు.

అద్దం కిందనుంచి జరిపాను.
కళ్లజోడు పెట్టుకున్నాడు. తీశాడు. తుడిచాడు.
మళ్లీ పెట్టుకున్నాడు.
"ఆ బండికి స్పీడోమీటరు సరిగ్గా ఉండేది కాదు"
అన్నాడు, చాలాసేపటికి.
నేనూ తలూపాను.
"కాపీ పాతిక సెంట్లు. కోర్టు ముద్రతో అయితే అయిదు డాలర్లు."
"ముద్ర ఎందుకులే."

వెనక్కి ఇవ్వబోతూ కాగితం తిప్పాడు.
పెన్సిల్‌తో ఉంది: జరిమానా పన్నెండు డాలర్లు.
కట్టినవారు, అయోనీ రాష్.
చేపగాలంలా వంగిన సంతకం.

"ఈ టికెట్ సీటు కింద దాచాను" అన్నాడు,
"మా నాన్న తోలు తీస్తాడని.
ఎవరూ అడగలేదు. కోర్టువాళ్లే మర్చిపోయారనుకున్నాను."

అంటే ఆమె అంకె చూసింది.
చూసి, యాభై ఏళ్ల పైన,
ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ ఇతను నూట నాలుగు అన్నప్పుడల్లా
బంగాళాదుంపల గిన్నె పక్కవాళ్లకి అందిస్తూ
"నాకైతే ఇంకా ఎక్కువే అనిపించింది" అనేదట.

"ఏప్రిల్‌లో పోయింది" అన్నాడు.
నేను స్టేప్లర్ సర్దాను. సర్దాల్సిన అవసరమేమీ లేదు.

అయిదు డాలర్ల నోటు అద్దం కింద పెట్టాడు.
"రెండువైపులా కాపీ తియ్యమ్మా.
ముద్ర వెనకవైపు వేస్తావా?"

రూలు ప్రకారం ముద్ర ముందువైపే,
కింద, కుడి మూలన, అంకెల పక్కన.
క్యూలో ఒకావిడ, మంచుకి తడిసిన పసుప్పచ్చ టికెట్ పట్టుకుని
దగ్గింది.
కాగితం తిరగేశాను.