లాభం, రెండు, మూడు

తొట్లకొండ మీద ఎండ దిగుతోంది.
రాతిలో తొలిచిన తొట్టెల్లో నిన్నటి వాన.
కింద భీమిలి రోడ్డు, దాని అవతల
ఏ గోనెసంచికీ పట్టని సముద్రం.

ముప్పై ఒక్క ఏళ్లు పోర్టులో టాలీ గుమస్తాని.
క్రేను దించిన ప్రతి ఐదు బస్తాలకీ
నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత.
అందుకే కాబోలు, ఈ కొండమీది భిక్షువులు నాకు నచ్చారు:
పుస్తకం లేకుండా
ధర్మాన్ని వేళ్ల కణుపుల మీద మోసుకొచ్చినవాళ్లు.
సత్యాలు నాలుగు, స్కంధాలు ఐదు, మార్గానికి అంగాలు ఎనిమిది.
మనిషి మరిచినా అంకె మరవదు,
ఖాళీ కణుపు చురుక్కుమంటుంది.

నాకు మాత్రం ఏనాడూ ఏడే వస్తాయి.
దృష్టి, సంకల్పం, వాక్కు... రోజుకొకటి జారిపోతుంది.
ఇవాళ జారింది స్మృతి.
పక్కన ఎవరూ లేకపోయినా నవ్వాను.

కొండ దిగి మంగమారిపేట ఒడ్డుకి వచ్చేసరికి
గరికిన ఎల్లాయమ్మ కవ్వళ్లు లెక్కేస్తోంది.
ఆమె ఒకటి అనదు. వాళ్లమ్మా అనలేదు.
"లాభం... రెండు... మూడు... నాలుగు..."

పైన, రాళ్ల మధ్య, మొదటిది దుఃఖం.
అదే చోట ఈమె లాభం అంటోంది.
ఎవరి లెక్క తప్పిందో
టాలీ పుస్తకంలో అయితే ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాణ్ణి.

చిటికెన వేలి మొదటి కణుపు
ఇంకా బొటనవేలి కిందే ఉంది.

"ఎన్ని కావాల బాబూ?"

నాలుగు, అన్నాను.
ముళ్లు తియ్యకు.