ఎడమ గాటు

దేవరకొండ ఖిల్లా కింద, పాత బస్టాండు వెనక
మా కొట్టంల తలుపులు చేస్తం, మంచాలు చేస్తం.
మిరుగు ముందు నాగళ్లు గూడ చేసేటోళ్లం,
ఇప్పుడు ట్రాక్టర్లొచ్చినయి.
తుపాకులు చేస్తమని ఎవరికీ చెప్పం. చెయ్యం గూడ.
ఇనుము కమ్మరిది, మందు సాయిబుది,
వేలు ఎవనిదో వానిది.

కుందా మాత్రం మాది.

తాత సోమలింగం అనేటోడు:
ఇనుము అందరి భుజాలకూ ఒకటేరా,
కర్ర ఒక్కని భుజానికే.

భర్మారు నోటితోని తింటది.
మందు, పీచు, సీసం రవ్వలు, మళ్ల పీచు,
గజంతోని కూరాలె
బాలింతకు కారం ముద్ద పెట్టినంత ఓపిగ్గ.
పంది అంతసేపు నిలబడదు.
తర్వాతొచ్చిన రైఫిలు వెనకనుంచి తింటది.
గొట్టం లోపల మెలితిరిగిన సన్నటి గాడులు
గుండును పేని పంపుతయి.
తిరిగే బొంగరం పడదు, తిరిగే గుండు తప్పదు
అని అమ్మ బియ్యం చాటల బొంగరమాడి చూపెట్టిండు తాత.
చాట చిరిగింది. ఇద్దరం తిట్లు తిన్నం.

టేకు పనికిరాదు, దెబ్బకు పగులుతది.
నారేప బరువు, మోసేటోడు తిడతడు.
నల్లమల నుంచి జిట్రేగి వచ్చేది
ఎడ్లబండిల, గడ్డి కింద, దొంగతనంగ.
మెడకాడ నార అడ్డం తిరిగితే
ఆ కర్ర పొయ్యికే.

మొదలు దొరలొచ్చిండ్రు, షికారుకు.
వాళ్లకు గురి కాదు, కుందా మీద వెండి బిళ్ల కావాలె.
తర్వాత చీకట్ల కొందరొచ్చిండ్రు,
గడీల నుంచి గుంజుకొచ్చిన అవే తుపాకులతోని.
"వెండి పీకెయ్యి, ఎన్నెల్ల మెరుస్తది" అన్నరట.
ఆ తర్వాత మిలిటరీ.
త్రీ నాట్ త్రీ కుందాలు కార్ఖానలనే తయారైతయి,
పొడుగోనికొకటి, పొట్టోనికొకటి,
మీద ఇంగ్లీషు అక్షరం గుద్ది.
అయినా ఒక జమేదారు విరిగింది పట్టుకొచ్చి
అతికేదాక కూసున్నడు, రెండు చాయ్‌లు తాగిండు,
పైసలియ్యలె.

తాత ఎవ్వరి పేరూ రాయలె.
అందరికీ ఒక్కటే కొలబద్ద.
మోచేతి మడత నుంచి చూపుడు వేలి కణుపు దాక
పట్టి చూసుడు, గాటు పెట్టుడు.
కుడి అంచున ముప్పై ఒక్క గాట్లు.
ఎడమ అంచున ఒక్కటి.
ఉలి జారిందనుకున్న, నలభై ఏండ్లు.

మొన్న గురువారం నేనావత్ చాందిని వచ్చింది,
పైతండ పిల్ల, ఇంటర్ సెకండియర్.
దుప్పట్ల చుట్టిన గాలి తుపాకి, సెకండ్‌హ్యాండుది,
ఆర్టీసీ బస్సుల చంటిపిల్లలెక్క ఒళ్లో పెట్టుకొని.
పది మీటర్ల దూరంల చుక్కను కొట్టాలట,
మినపగింజంత సీసంతోని.
"బుగ్గ ఆనుతలేదే పెద్దయ్యా,
ఇది కుడిచేతోళ్లది."

తుపాకి పుట్టినకాడ్నించి కుడిచేతోళ్లదే.
బోల్టు కుడిపక్క, ఖాళీ తూటా ఎగిరేది కుడిపక్క,
కుందా ఒంగేది కుడి బుగ్గకు.
ఎడమచేతోడు ప్రతి గుండుకూ చెయ్యి దాటేసి గుంజాలె.
గుంజినంత సేపు
ఎదుటోనికి అప్పిచ్చినట్టే.

బద్ద అప్పుడు సమజైంది నాకు.
ఎవడో పిల్లగాడు, మీసం సరిగ రానోడు కావచ్చు,
ఈ కొట్టంలనే, దీపం తగ్గిచ్చి,
ఎడమ చెయ్యి చాపి నిలబడ్డడు.
తాత కర్రను అటు ఒంచిండు.
బోల్టును ఒంచలేకపోయిండు.
వాడు ఏమైండో బద్ద మీద లేదు.

పాత తలుపు నుంచి కోసిన జిట్రేగి ముక్కను
చాందిని బుగ్గకు మూడుసార్లు చెక్కిన,
అవిసె నూనె పూసిన.
మూడోసారి కన్ను మూసుకొని ఆనిచ్చింది,
తెరిచేసరికి చూపు నేరుగ ముందు చుక్క మీద.
నవ్వలె. "ఆఁ" అన్నది, అంతే.
రెండొందలిచ్చింది, మిగిలింది ఫోన్‌పే చేస్తనన్నది.
ఇంక చెయ్యలె.

ఆమె కొలత ఆ గాటుకు రెండు వేళ్లు తక్కువ.
ఎడమ అంచున కొత్త గాటు పెట్టిన.
పక్కన పేరు రాయొచ్చు గద ఇప్పుడు,
పెన్సిలు చెవి మీదనే ఉన్నది.