ముడి ఎక్కడ వేస్తారు?

పట్టకారుతో ఎత్తి
దీపం కింద చూపించాను.
చిటికెన వేలి గోరంత పొర.
"ఏమీ కనబడటం లేదే" అంది గియోక్ నియో.
కనబడకుండా చేయడానికే మూడేళ్ళు పట్టిందని
ఆమెకి చెప్పలేదు.

డెబ్బై నాలుగేళ్ళు.
సింగపూర్‌లో, కాటోంగ్ వీధిలో, రంగుపెంకుల మెట్లున్న ఇంట్లో
పెళ్ళిచెప్పుల మీద పూసలు కుట్టిన మనిషి.
ఆవగింజలో సగముండే పూసలు,
గులాబీ, నాచురంగు, నెమలికంఠం.
ఇప్పుడన్నీ తడిసిన బూడిద.
నల్లగుడ్డు అంచు దాటి ఎర్రటి నాళాలు
పిలవని చుట్టాల్లా లోపలికి పాకుతున్నాయి.

చుక్కలమందు రోజుకి ఆరుసార్లు.
సగం చెంప మీదే జారి
మెడ దాకా పోయి ఆరిపోయేది.
"వైద్యం కంటికి కాదు, నా మెడకి" అనేది.

"ఎన్ని సూదులు?"
వరసకి తొమ్మిది, తొమ్మిది వరసలు.
పెదవులు కదిలాయి.
"ఎనభై ఒకటి. ఒక రేకు నింపొచ్చు."

కుందేళ్ళ తర్వాత ఆమే మొదటి మనిషి.
నేను అచ్చులు పోసేదాన్ని,
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక
గోడకి ఆనుకున్నాను.
డాక్టర్ సుహైలా రెప్ప ఎత్తి
పొర ఆనించి వేలితో ఒత్తింది,
పది అంకెలు లెక్కపెట్టేంతసేపు.
కంట్లో నలుసు పడితేనే కాలు నిలవదు మనకి.
ఆమె ఎనభై ఒక్క సూదుల్నీ రానిచ్చి
నావైపు తిరిగి అడిగింది:
"ముడి ఎక్కడ వేస్తారు?"

నాకు అర్థం కాలేదు.
"సూది వెనక దారం ఉండాలిగా.
ముడి లేకపోతే ఊడిపోదూ?"

దారం లేదన్నాను. సూదే కరిగిపోతుంది.
పైపొరలో మందు ఇవాళ,
లోపలిది నెమ్మదిగా, వారమంతా.

చాలాసేపు మాట్లాడలేదు.
కిటికీ అద్దం మీద వాన.
"నా సూదులు తుప్పు పట్టాయి, విరిగాయి,
ఒకటి పెళ్ళికూతురి మడమలో దిగింది.
పని చేస్తూ కరిగింది ఒక్కటీ లేదు.
కరిగింది నేను."

ఎనిమిదో రోజు
సగం కుట్టిన చెప్పు ఒకటి సంచిలోంచి తీసింది.
ఏ పిల్ల పెళ్ళికో, ఆ పిల్లకి ఇప్పుడు పిల్లలు.
కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని
వేలు ఒక పూస మీద పెట్టి
"నీలం" అంది.

నాచురంగు అది.
నా కలం కాగితం మీద ఆగింది.
సుహైలా నోరు తెరవబోయింది.

"ఆగు" అంది ముసలామె,
చెప్పుని ఇంకొంచెం వెలుగులోకి జరుపుతూ,
"చెప్పకు."