చెరిసగం

ఏటూరునాగారం సర్కారు బడిల
పదకొండు కంప్యూటర్లు, నడిచేవి నాలుగు.
ఒక్కోదాని ముందు ఏడుగురు,
మౌసు ఒకరి చేతిల, చూపులు అందరివీ.

తలకొక జబ్బు పంచిన నేను,
స్లిప్ టెస్టుకు ప్రశ్నలు పంచినట్టే.
"తాతముత్తాతల కాన్నుంచి దిగేటివి,
వెతికి రాయుండ్రి. పది మార్కులు."
ఇన్నేండ్లు బఠానీ మొక్కలతోటే నెట్టుకొచ్చిన దాన్ని:
పొడుగు, పొట్టి, గుండ్రటి గింజ, ముడతల గింజ.
బఠానీకి ఇల్లుండదు.
బఠానీ తల్లిని ఎవ్వరూ తిట్టరు.

ఊకె రంజిత్‌కు వర్ణాంధత్వం పడ్డది.
చుక్కల బొమ్మ తెరిచిండు.
చుక్కల నడుమ అంకె అందరికీ కనబడ్డది,
వానికి తప్ప.
"ఉత్త చుక్కలే కద మేడం?"
క్లాసంతా నవ్వింది. వాడూ నవ్విండు,
సగంల ఆపిండు.
"గందుకేనా, పండు మిరప ఏరమంటే
పచ్చియి తెంపి దెబ్బలు తిన్నది?"

తోలెం సారక్కకు నేనిచ్చింది కొడవలి కణ వ్యాధి.
తెలుగుల "కొడవలి" అని కొట్టింది.
వరికోత కొడవళ్ళు వచ్చినయి, ధరలతో సహా.
వాటి వెనక ఎర్రజెండాలు వచ్చినయి.
వెనక ఎవడో పిడికిలెత్తిండు.
"కణం అని చేర్చు బిడ్డా" అన్న.
సిగ్నల్ తిరిగి తిరిగి,
పైనుంచి కిందికి బెత్తెడు బెత్తెడుగ
తెర మీదికి నెత్తురు దిగింది.
గుండ్రటి కణాల నడుమ వంగిపోయినవి కొన్ని,
సన్నటి తొవ్వల ఒకదాన్నొకటి అడ్డుకుంటూ.

పెదవులు కదుపుకుంట చదివింది సారక్క.
కీళ్ళ నొప్పులు. పచ్చబడే కండ్లు. చలికి ఎక్కువయ్యే బాధ.
"మా అన్న" అన్నది.
ఇంకేదో జబ్బు పేరు చదివినట్టే అన్నది.
"చలికాలం మోకాళ్ళు పొయ్యికాడ పెట్టుకోని ఏడ్చేటోడు.
గాలి సోకిందని తాయెత్తు గట్టిన్రు."

తర్వాతి వాక్యంల ఒక అంకె ఉన్నది,
ఎన్నేండ్లు బతుకుతరో చెప్పే అంకె.
మౌసు గుంజుకోని కిందికి జరిపిన.
ఆమె మళ్ళ పైకి జరిపింది.
"అది పాత లెక్క. ఇప్పుడు మందులున్నయి."
"చూడనియ్యుండ్రి మేడం."
అప్పుడే కరెంటు పోయింది.
కరెంటు కోతకు దండం పెట్టింది ఆ ఒక్కనాడే.
కానీ ఆమె కండ్లు అప్పటికే అంకెను దాటినయి.

సోమవారం చార్టు తెచ్చింది.
మగోళ్ళకు చతురస్రాలు, ఆడోళ్ళకు వృత్తాలు,
నేను బోర్డు మీద గీసినట్టే.
అన్నది మొత్తం నలుపు.
అమ్మ వృత్తం సగం.
నాయన చతురస్రం సగం.
అక్కడ మాత్రం పెన్సిల్
కాగితం చిరిగేదాకా నొక్కి ఉన్నది.

"అన్న పోయినప్పటి సంది మా నాయనమ్మ
'నీ పుట్టింటి నెత్తురే పిలగాన్ని మింగింది' అంటది అమ్మను.
నాయన ఒక్కనాడు అడ్డం చెప్పలే.
ఇద్దరికాడ ఉంటేనే గిట్లయితదట కద మేడం?"
"అవును. చెరిసగం."
"గా ముక్క మీ చేత్తోటి రాయుండ్రి.
నేను రాస్తే నమ్మరు."

రాసిన. సంతకం పెట్టిన.
బడి ముద్ర కూడా కావాలన్నది.
ముద్ర హెడ్మాస్టరు బీరువాల ఉంటది.
"దేనికమ్మా?" అన్నడు సారు.
"కాండక్ట్ సర్టిఫికెట్ సార్,
ఒక తల్లికి."

చార్టు చివర ఒక వృత్తం, లోపల ఏం లేదు.
వేలు పెట్టి చూపిన.
"అది నేనే. బుధవారం దవాఖానల నెత్తురిచ్చుడున్నది.
కాయితం వచ్చినంక నింపుత,
నింపేదుంటే."

రంజిత్ ఆమె భుజం మీంచి తొంగి చూసిండు.
చానసేపు చూసిండు.
"నలుపే కద మేడం," అన్నడు,
"ఇది నాక్కూడ కనబడ్తది."