రాతినార

ఆ సంచి మీద ఆముదపాకు ఉండేది.
మేమట్లే అనుకున్నాం, పదకొండేళ్ళు.
ఎర్రగా, కొసలు కొసలుగా,
మా చేలగట్ల మీద మొలిచే ఆకే
యాడికో పోయి చలికి కమిలి తిరిగొచ్చినట్టు.
హమాలీ జమాలప్ప ఒక్కడే అన్నాడు:
"ఆముదమైతే వాసనుంటాదప్పా, దీనికి వాసనే లేదు."

వాసన లేనిదాన్ని మేం మోశాం.
కొక్కీ వేసి లాగితే చిరుగులోంచి
దూదేకినంత మెత్తగా లేచేది.
రాయి నూలవుతుందంటే మా అవ్వ నమ్మలేదు.
సాలెవాళ్ళింటి కోడలు కదా,
వేళ్ళ మధ్య నులిపి చూసి
"పోగు నిలబడతాండాదిరా" అని అబ్బురపడింది.

సాయంత్రం రేకుల ఫ్యాక్టరీ గేటు కాడ
తలా ఒక బెల్లం గడ్డ,
గొంతులో దుమ్ము దిగిపోతుందని.
బీమా, పింఛను, డాక్టరు, అన్నీ కలిపి ఆ గడ్డే.
యూనియన్ పద్దు రాసేవాణ్ణి కాబట్టి లెక్క చెప్తున్నా:
మనిషికి రోజుకు మూడు తులాలు.

జమాలప్పకు కడప రిమ్స్‌లో టీబీ అన్నారు.
ఆర్నెల్లు మాత్రలు మింగినాడు.
మళ్ళా టీబీ అన్నారు.
ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఆనించి చూస్తే
రొమ్ములో రెండు పక్కలా మంచు.
కడపలో, మే నెలలో, మంచు.

ఢిల్లీలో ఆ ఆకు దేశం కచేరీకి ఉత్తరం రాశాం.
హైస్కూలు ఇంగ్లీషు సారు వరదారెడ్డి తప్పులు దిద్దాడు.
నాలుగు నెలలకు జవాబొచ్చింది, మందపాటి కాయితం:
జాగ్రత్తగా వాడుకుంటే జబ్బు రాదు.
జాగ్రత్త అంటే ఏందని నాగమునెమ్మ అడిగింది, జమాలప్ప పెండ్లాం.
సారు ఆ మాటను మూడు రకాలుగా తెలుగు చేశాడు.
మూడింట్లోనూ
ముక్కుకు కట్టుకునే గుడ్డ ఎవరు కొనియ్యాలో లేదు.

ఆ రోజుల్లోనే
కెనడా పార్లమెంటు గోడల్లోంచి ఇదే నారను
తెల్ల అంగీలు తొడుక్కుని, గాలి గొట్టాలు తగిలించుకుని
గీకి గీకి తీస్తున్నారని ఆదివారం పేపర్లో చదివాను.
చట్టసభ గోడలో ఉండకూడనిది
నాగమునెమ్మ నెత్తిన కప్పుగా ఉండొచ్చు.
దీన్ని వర్తక విధానం అంటారట.

ఆ దేశాన్ని తిట్టడం సులువు.
అక్కడా గనుల్లో దిగినోళ్ళున్నారు.
ఒక ఊరు ఆ నార పేరే పెట్టుకుంది.
నేను పుట్టకముందే ఆ ఊరి కూలీలు
దుమ్ము తగ్గించమని, కూలి పెంచమని సమ్మె కట్టి
పోలీసుల లాఠీలు తిన్నారు.
పులివెందుల గుట్టల్లో నార తవ్వినోళ్ళ రొమ్ముల్లోనూ,
వాళ్ళ రొమ్ముల్లోనూ ఒకటే మంచు.
నా కోపం రెండు పార్టీల మీద.
ఒకటి నీలం, ఒకటి ఎరుపు
(ఆ ఎరుపు మన ఎరుపు కాదులే, రంగు వరకే).
ఏండ్ల తరబడి ఎవరు గెలిచినా ఓడ ఆగలేదు.
గనులు మూతబడి, అమ్మడానికేమీ మిగలక
అప్పుడు నిషేధించి చప్పట్లు కొట్టుకున్నారు.
ఆ ఊరు కూడా ఓట్లేసుకుని పేరు మార్చుకుంది.

ఈ సంగతి చెప్తే నాగమునెమ్మ
వక్కాకు నములుతా వినింది.
"మార్చుకోనీలే, మంచిదే.
మాయప్పకు టీబీ అని రాసిచ్చినారే, ఆ చీటీలోనూ
పేరు మార్చమను.
ఏ జబ్బుతో పోయినాడో అది రాయమను.
అది రాస్తే గదా దుడ్లు."

ఇప్పుడు సంచుల మీద ఆకు లేదు,
ఇంకో దేశం అక్షరాలు.
మన ఢిల్లీ ఇంకా వద్దనలేదు.
గేటు కాడ బెల్లం మాత్రం ఆపేశారు, ధర పెరిగిందని.

మొన్న వానకు నా ఇంటి రేకు చీలింది.
తారు పుయ్యాలని నిచ్చెన తెచ్చుకున్నా.
ఎక్కకుండా కిందే నిలబడ్డా చాలాసేపు.
చీలిక అంచున సన్నని పోగు, గాలికి ఊగుతా.

ఇంకో ఉత్తరం రాయాలి.
వరదారెడ్డి సారు పోయి మూడేళ్ళు.
తప్పులతోనే పంపిస్తా.